మైకు పెట్టని ఆదివారం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. వారమంతా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ రెండింటిలో ఏదీ నన్ను అలాంటి కథలు నమ్మనివ్వలేదు. స్టాఫ్‌రూములో ఎవరైనా అద్దె ఇంట్లో గజ్జెల చప్పుడు విన్నామని మొదలుపెడితే, ఆ ఇంట్లో నీళ్ళ పైపులు ఎంత పాతవని అడిగి వాళ్ళ నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో గజ్జెలు లేవు. ఒక మిక్సరు, ఒక లాప్‌టాప్, నేను ఆడిన ఒక అబద్ధం ఉన్నాయి.

మాది బన్సీలాల్‌పేట్ వైపు ఒక చిన్న చర్చి. అందులో మూడు తరాల పిల్లలకు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి సుగుణ టీచరమ్మ. నేనూ ఆ పిల్లల్లో ఒకణ్ణే. ఎనభై దాటేసరికి నీటికాసుల జబ్బుతో ఆవిడ చూపు దాదాపు పోయింది. తర్వాత బాత్రూములో జారిపడి తుంటి విరిగి, కాప్రాలో కూతురు గ్రేస్ అక్క ఇంట్లో మంచం పట్టారు.

ఆదివారం ఆరాధనను ఫోన్లో లైవ్ ఇద్దామని కమిటీ అనుకున్నదే ముందుగా ఆవిడ కోసం. సామాన్లు ఎంచే పని నాకు అప్పగించారు. ఫిజిక్స్ చెప్పేవాడికి అన్నీ తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. నాకూ అదే నమ్మకం.

నెల రోజులు నాకు వేరే లోకం లేదు. కాలేజీ నుంచి వచ్చి కెమెరాల రివ్యూలు చూడటమే పని. తక్కువ వెలుతురులో ఏది బాగా తీస్తుంది, ఏ లెన్సు పెడితే వెనకభాగం మెత్తగా మసకబారుతుంది, లైట్లు ఎంత ఎత్తులో పెడితే ప్రసంగం చేసే పాస్టరు అయ్యగారి కళ్ళజోడులో మెరుపు రాదు, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ రివ్యూలు చేసినవాళ్ళందరూ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. బొమ్మ కాస్త బాగా లేకపోయినా జనం చూస్తారు, శబ్దం బాగా లేకపోతే ఉండరు, ముందు మైకులు చూసుకోండి అని. అది కూడా రాసుకున్నాను. రాసుకుని, బడ్జెట్‌లో ఎక్కువ భాగం కెమెరాకూ లైట్లకూ పెట్టాను.

ఎవరి కోసం మొదలుపెట్టామో ఆవిడకు కళ్ళు కనిపించవు. నాకది తెలియక కాదు. కొట్లో ఆ కెమెరా చేతిలోకి తీసుకున్నాక గుర్తు రాలేదు, అంతే.

చివరికి అయ్యగారికి ఒక కాలర్ మైకు, పాటలు నడిపించేవాళ్ళకు ఒకటి, కీబోర్డుకు ఒక వైరు. ఈ శబ్దాలన్నీ కలిపి లైవ్‌కు పంపే మిక్సరులో నాలుగు ఛానెళ్ళు, నాలుగోది ఖాళీ. మొదటి ఆదివారం వీడియో చూసి అందరూ టీవీలో వచ్చినట్టుందన్నారు. నడవా, బల్ల, గోడమీద సిలువ, రెండు పక్కల నుంచి వెచ్చటి వెలుతురు. నేను ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆ వీడియోనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేశారు.

"అయ్యగారి మాట మంచిగ ఇనొచ్చింది బిడ్డా. గని గుడిల ఆయనొక్కరే ఉన్నట్టుంది. ఎవ్వరు రాలేదా ఏంది?"

అందరూ వచ్చారని చెప్పాను. మరి ఆమేన్ అన్నవాళ్ళు ఎవరూ వినిపించలేదన్నారు. ఆవిడకు మనుషులు గొంతులతోనే గుర్తు. ఎవరు వచ్చారు, ఎవరికి జలుబు చేసింది, ఎవరి మనవడు ఏడుస్తున్నాడు, అన్నీ తన బెంచీలో కూర్చునే పట్టేవారు. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీ, కిటికీ పక్కన. ఆవిడ అడిగిందల్లా ఆ చప్పుడే.

అది కష్టమైన కోరికేం కాదు. హాలు మొత్తం శబ్దాన్ని పట్టే పాత మైకు ఒకటి చర్చి బీరువాలోనే ఉంది. శనివారం వెళ్ళి దాన్ని స్టాండుకు తగిలించి నడవా మధ్యలో నిలబెట్టాను. బాగానే పనిచేసింది. తర్వాత కెమెరాలో చూశాను. సరిగ్గా సిలువ కింద నల్లటి స్టాండు, కింద నేలమీద వైరు. ఫ్రేము పాడైంది. పది నిమిషాలు అటూ ఇటూ జరిపి చూసి, విసుగొచ్చి, తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

మరుసటి రోజు ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తారని తెలుసు. చేశారు.

"పెట్టాను టీచరమ్మా. అందరూ వినిపిస్తున్నారే. మీకు వినపడట్లేదా?" అన్నాను.

అవతల ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"అట్లనా. అయితే నా చెవులే పోయినట్టున్నయి బిడ్డా. కండ్లు పోయినయి, ఇగ గివి సుత" అన్నారు, నవ్వుతూనే.

లేదు టీచరమ్మా అని ఒక్క మాట అనడానికి అప్పుడు నాకు వ్యవధి ఉంది. అనలేదు. వచ్చే వారం ఏదో ఒకటి చేసి పెట్టేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. వచ్చే వారం పరీక్షల డ్యూటీ, ఆ పై వారం ఇంకేదో. రెండు నెలలు గడిచాయి. మధ్యలో గ్రేస్ అక్క మోండా మార్కెట్‌లో కనిపించి, అమ్మకు చెవి మిషను పెట్టించామని చెప్పింది. కూరగాయల సంచి ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుని, మంచిదక్కా అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

టీచరమ్మ ఒక మంగళవారం పొద్దున నిద్రలోనే పోయారు.

సమాధి అయిన మూడో రోజు వాళ్ళింట్లో ఆదరణ కూటం జరిగింది. ప్రార్థన అయ్యాక గ్రేస్ అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది.

"నీకు థ్యాంక్స్ చెప్పమన్నది తమ్మీ అమ్మ. మొన్న ఆదివారం చెవి మిషిన్ తీసి దిండు మీద పెట్టేసింది. ఇగ ఇది అక్కర్లే, అందరు ఇనబడ్తున్నరు అన్నది. జయమ్మ దగ్గుతుంది, ఎవరో పిల్లగాడు ఏడుస్తున్నడు, మా బెంచి మీద ఫ్యానింక కిర్రుమంటనే ఉన్నది, అనుకుంట ఒకటే నవ్వు. నేను వంటింట్ల ఉన్న, నాకైతే సరిగ ఇనబడలే."

నేను తల ఊపాను. ఆ ఆదివారం కూడా నేను మైకు పెట్టలేదు.

ముసలితనం, జ్ఞాపకాలు కలిసిపోయి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా మరుసటి రోజు కాలేజీ అయ్యాక నేరుగా చర్చికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. ముందు ఆ రోజు లైవ్ వీడియో పెట్టి విన్నాను. అయ్యగారి గొంతు, పాటలు, కీబోర్డు. మధ్యలో నిశ్శబ్దం. జనం చప్పుడు లేదు.

మా మిక్సరు లైవ్‌కు పంపేది కాకుండా నాలుగు ఛానెళ్ళనూ విడివిడిగా కూడా దాచిపెడుతుంది. ఖాళీగా ఉన్న నాలుగోది ఎప్పుడూ గీసిన గీతలా చదునుగా ఉంటుంది. ఆ ఆదివారం చదునుగా లేదు. మొదటి నుంచి చివరిదాకా అలలు ఉన్నాయి.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. దూరంగా, స్పీకర్లలోంచి వస్తున్నట్టు అయ్యగారి ప్రసంగం. దగ్గర్లో పేజీలు తిప్పిన చప్పుడు, గాజులు. నెత్తిమీద కిర్రుమంటున్న ఫ్యాను. ఆ బెంచీలోనే కూర్చునే జయమ్మగారి పొడి దగ్గు, రెండుసార్లు. వెనకెక్కడో పిల్లాడి ఏడుపు. పాటలో వెనక బెంచీలు ఎప్పటిలాగే అర లైను ఆలస్యం. ప్రార్థన ముగిసినప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కలిసి ఆమేన్ అన్నారు. టీచరమ్మ గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ కూర్చునే చోట నుంచి వింటే చర్చి ఎలా వినిపిస్తుందో, అలా ఉంది.

పక్క ఛానెల్ శబ్దం ఇందులోకి కారిందేమో అని చూశాను. అలాగైతే అయ్యగారి గొంతే అన్నిటికంటే దగ్గరగా ఉండాలి. ఎవరైనా మైకు పెట్టారా అంటే బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. పైగా ఆ రోజు వీడియోలో నడవా పొడవునా శుభ్రంగా కనిపిస్తుంది, ఒక్క వైరు కూడా లేదు. మూడో బెంచీలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. అంతకు ముందు ఆదివారాలవన్నీ తెరిచాను. ఎక్కడా ఏమీ లేదు. పోనీ ఆ నాలుగో ఛానెల్లో అది రికార్డయిందే అనుకున్నా, లైవ్‌లోకి వెళ్ళనిది ఆవిడ ఫోన్‌లో ఎలా వినిపించినట్టు?

ఆ శనివారమే నిచ్చెన తెచ్చి పాత మైకును పైకప్పుకు వేలాడదీశాను. ఫ్రేములో కనిపించదు. మొత్తం పని అరగంట పట్టింది.

తర్వాత రెండు వారాలు కాప్రా వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. వెళ్ళాక, కూర్చోకుండానే చెప్పేశాను. మైకు నేనే తీసేశానని, టీచరమ్మ చెవులు బాగానే ఉన్నాయని, ఆవిడతో అబద్ధం చెప్పానని. లాప్‌టాప్‌లో ఉన్నది వినిపించాను. గ్రేస్ అక్క కళ్ళు తుడుచుకుంటూ మొత్తం వింది.

"ఆ మిషిన్ రాసుకపోయి చెవు పుండయింది తమ్మీ. అయినా తియ్యకపోయేది. నా చెవులదే తప్పు అన్నది గని, నీ మాట మీద ఎన్నడు అనుమానం పడలే" అంది.

అక్క ఇంకాస్త సేపు లాప్‌టాప్ వైపే చూసి, నెమ్మదిగా అడిగింది.

"సరే, నువ్వు పెట్టలే. మరి ఆ ఆదివారం ఎవరు పెట్టిన్రు?"

తెలియదక్కా అన్నాను. ఇప్పటికీ తెలియదు.