వెనక్కి తిరిగే సీటు

నాకు చెవులు సరిగా వినపడవు. సూరత్‌లో మరమగ్గాల షెడ్డులో సగం జీవితం గడిపినవాడెవడికీ వినపడవు కాబట్టి దీన్ని నేనెప్పుడూ జబ్బు కింద లెక్కపెట్టలేదు. ఎదుటివాడి నోరు కనిపిస్తే చాలు, ఏమంటున్నాడో తెలిసిపోతుంది. తెలుగు నోరు, హిందీ నోరు, గుజరాతీ నోరు, మూడూ చదవగలను. కరోనా వచ్చి ఊరందరి నోళ్లకూ గుడ్డ కట్టినప్పుడు మాత్రం నిజంగా చెవిటివాణ్నయ్యాను. మాస్కుల వెనక నుంచి జనం ఏదో అడిగేవాళ్లు, నేను తెల్లమొహం వేసేవాణ్ని, వాళ్లు విసుక్కునేవాళ్లు. విసుగు కనబడటానికి నోరు అక్కర్లేదు, కళ్లు చాలు.

ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. నా భార్య కూడా అదే షెడ్డులో దారం కండెలు చుట్టింది. మగ్గాలు ఆడుతున్నప్పుడు షెడ్డులో ఎవరూ అరవరు, అరిచినా లాభం లేదు. మాట్లాడాలంటే మనిషి ముందుకు వచ్చి నిలబడి చూపుడువేలు ఎత్తాలి. ఒక మాట ఉంది, ఇటు చూడు అని దానర్థం. అతను చూశాకే పెదవులు మెల్లగా కదపాలి. వీపుతో మాట్లాడటం మా దగ్గర పద్ధతి కాదు. ఆమె ఈ పద్ధతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, సూరత్‌లోనే గోడాదరాలో మా గదిలో మగ్గం చప్పుడే లేకపోయినా, నేను అటు తిరిగి ఉంటే నోరు విప్పేది కాదు. పాలు పొంగుతున్నా సరే, చేతిలో పని వదిలి నా ముందుకు వచ్చి, వేలెత్తి, నేను చూశాక అప్పుడు చెప్పేది. ఆలోపు పాలన్నీ పొయ్యి పాలయ్యేవి. ఎన్ని తిట్లు తిట్టినా ఈ అలవాటు పోలేదు.

చెవులతో పాటు మోకాళ్లు కూడా పోయాక నేను మగ్గం మానేసి ఒక పాత స్కూల్ వ్యాను కొన్నాను. కరోనాతో స్కూళ్లు మూతపడ్డాయి, వ్యాను వీధిలో దుమ్ము కొట్టుకుపోయింది. ఆ మొదటి విడతలోనే ఆమెకు జబ్బు తగిలింది. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో వచ్చింది గాని ఊపిరితిత్తులు వెంట రాలేదు. వాటిలో షెడ్డు దుమ్ము ముందే పేరుకుందని, దాని మీద ఇది పడిందని డాక్టరు అన్నాడట. అన్నాడట అంటున్నానంటే ఆయన మాస్కు తీయలేదు, ఆమె తర్వాత నాకు చెప్పింది. ఆమె గొంతు గుసగుస కింద మారిపోయింది. ఫోన్ చేసిన చుట్టాలు అది విని బాధపడ్డారు. నాకేమీ తేడా తెలియలేదు. మేమిద్దరం గొంతులు వాడటం ఎప్పుడో మానేశాం.

మా గది మూడో అంతస్తులో. ఆమె మెట్లెక్కలేకపోయింది. కింద గది అడిగితే, కరోనా వచ్చిన ఇంటికి ఇవ్వం పొమ్మన్నారు. ఒకాయన తలుపు సందులోంచి చెయ్యి ఊపాడు, కుక్కను తరిమినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలోనే వ్యానులో పిల్లల సీట్లన్నీ ఊడబెరికి, ఒక పక్కన పొడుగ్గా బల్ల బిగించి పరుపేశాను. దాని కాళ్ల దగ్గర ఒంటి పొయ్యి, నీళ్ల డబ్బా. ఆక్సిజన్ సిలిండరును మగ్గం బెల్టుతో గోడకు కట్టాను. కిటికీలకు రంగు వేయని చీర గుడ్డ వేలాడదీశాను. ఊరి చివర ఉన్ అనే పేట దాటాక ఒక ఖాళీ ప్లాటులో బండి నిలుపుకోనిచ్చారు. అదే ఇల్లయింది.

ఆమె పగలంతా ఫోన్‌లో బండ్లను ఇళ్లుగా మార్చుకున్న విదేశీయుల వీడియోలు చూసేది. వాళ్లు సరదాకి చేసుకున్నారు, మనకు గతిలేక చేసుకున్నాం అంటే నవ్వేది. ఒకరోజు వేలెత్తింది. చూశాను.

"డ్రైవర్ సీటు ఎనుకకు తిరుగుతున్నది సూడు. మనది గట్ల తిప్పిస్తవా?"

"ఇగ అదొక్కటే తక్కువ" అన్నాను.

ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాత డాక్టరు, ఈ ఊరి గాలి ఆమెకు పడదు, తీసుకెళ్లిపో అన్నాడట. జగిత్యాల దగ్గర ఆమె అక్క ఇల్లుంది, చుట్టూ ఖాళీ జాగా, మంచి గాలి. సిలిండరుతో రైలెక్కనివ్వరు. వ్యానులో పోదామన్నాను. ఎగిరి గంతేస్తుందనుకుంటే అడ్డంగా తలూపింది.

"తొవ్వల నాకు దమ్ము పట్టుకుంటె నీకెట్ల తెలుస్తది? నువ్వు ముందట సూసుకుంట నడుపుతుంటవు. నీ వీపుకు చెప్పాల్నా?"

"అద్దం పెట్టిస్త."

"పండుకుంటె అద్దంల నా ముక్కు గుడ కనపడది."

"గిలాస ఇస్త. కొట్టు."

"కొడితె నీకు ఇనపడ్తదా?"

మధ్యమధ్య ఆపి, దిగి వెనక తలుపు దగ్గరికి వచ్చి చూస్తానన్నాను. నా మోకాళ్ల వంక చూసింది. "నువ్వు దిగి సుట్టు తిరిగి వచ్చేవరకు నా పని అయిపోతది" అంది. ఇందులో బెట్టు లేదు, భయం ఉంది. నాకు అందకుండా నా వెనకే చచ్చిపోతానేమోనని ఆమె భయం. సీటు తిరిగితే వస్తుంది, తిరగకపోతే రాదు.

కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే యూనిట్లకు ఇనుప బల్లలు చేసే వెల్డరును పట్టుకున్నాను. ఆ బల్ల వెంట్రుకవాసి కదిలినా రాయి పాడైపోతుంది. అలాంటివి చేసేవాడికి సీటెంత పని అని నా ధీమా. యూనిట్లు సరిగా నడవక ఆయన కూడా ఖాళీగానే ఉన్నాడు. నోట్లో ఎప్పుడూ మావా, అంటే పొగాకు కలిపిన వక్క, ఉండేది, మాస్కు కిందికి లాగేది ఉమ్మడానికే. ఉమ్మినప్పుడే రెండు మాటలు చెప్పేవాడు, నేను వాటిని ఠక్కున పట్టుకోవాలి. అలా ఉమ్ములకు ఉమ్ములకు మధ్య మా బేరం కుదిరింది.

పాత మగ్గాల సామాను తూకానికి అమ్మేచోట ఒక వెడల్పాటి బేరింగు దొరికింది. దానికి పైనొక ఇనుప పలక, కిందొక పలక. కింది పలక సీటు పెట్టెకు, పై పలక సీటుకు. వినడానికి ఇంతే. మొదటిసారి బిగించాక కూర్చుంటే తల పైకప్పుకు తగిలింది, ఎందుకంటే రెండు పలకలూ బేరింగూ కలిసి సీటును పైకెత్తేశాయి. సీటు పెట్టెను కోసి కురచ చేశాడు. తల సరిపోయింది, ఇప్పుడు తిప్పబోతే తొడలు స్టీరింగులో ఇరుక్కున్నాయి. మళ్లీ ఊడదీసి, పలకను నాలుగు వేళ్ల వెడల్పున లోపలికి జరిపి బిగించాడు. స్టీరింగు తప్పింది, హ్యాండ్ బ్రేకు అడ్డొచ్చింది. బ్రేకు దించితే సీటు సగం తిరిగి, వెనక భాగం తలుపుకు కొట్టుకుంది.

వెల్డరు ఉమ్మి, "చాచా, దర్వాజా ఖోల్‌కే ఘుమానా పడేగా" అన్నాడు, తలుపు తీసి తిప్పుకోవాలట.

నేను రెండు చేతులూ జోడించాను, దణ్ణమో తిట్టో ఆయనకే వదిలేసి. చివరికి తేలిందేమిటంటే, బండి ఆపి గేరులో ఉంచాలి, తలుపు తీయాలి, సీటు ముందుకు జరపాలి, బ్రేకు దించాలి, తిప్పాలి, కదలకుండా కింద పిన్ను వేయాలి. మళ్లీ రోడ్డు వైపు తిరగాలంటే ఇదంతా వెనక నుంచి ముందుకు చేయాలి. అయినా దిగి నడవడం కంటే నయమే.

మొదటిసారి తిరిగి కూర్చున్నప్పుడు నా మోకాళ్లు ఆమె పరుపుకు తగిలాయి. ఎదురుగా ఆమె ముఖం. అంత దగ్గరగా, ఏ పనీ లేకుండా, ఎదురెదురుగా మేమెప్పుడూ కూర్చోలేదు. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి వేలెత్తింది.

"షెడ్డుల గిసొంటి కుర్సీ ఉంటె ఇటు నాలుగు మగ్గాలు, అటు నాలుగు నడుపుదువు. కాళ్లన్న మిగులు."

నవ్వితే దగ్గొస్తుందని ఆమె నవ్వు ఆపుకుంది. నేను ఇద్దరి వంతూ నవ్వాను. ఆ కొద్ది రోజులూ సాయంత్రం కాగానే సీటు తిప్పుకుని టీ తాగుతూ కూర్చునేవాణ్ని. అక్క ఇంటి దగ్గర బండి ఎక్కడ పెట్టాలి, ఎండ ఎటు నుంచి వస్తుంది, ఇవే మాటలు. చాలా సంతోషంగా ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు టీలో చక్కెర తక్కువైందని గొణిగాను.

బయల్దేరాల్సిన వారంలోనే రెండో విడత ఊరి మీద పడింది. ఆమెకు మళ్లీ జ్వరం, ఎగశ్వాస. ఏ ఆసుపత్రిలో మంచం ఉందో ఫోన్ చేసి కనుక్కోమని తెలిసినవాళ్లు మెసేజీలు పెట్టారు. మా ఇంట్లో ఫోన్ పని ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు ఆమెకు గొంతు లేదు, నాకు చెవి లేదు. ఫోన్ ఇద్దరి మధ్యా పరుపు మీద పడి ఉంది. చూసి చూసి సీటు రోడ్డు వైపు తిప్పి, బండి తీశాను.

ఆసుపత్రి గేటు కనిపించనే లేదు, అంత దూరం నుంచే బండ్ల వరుస. ఆటోలు, కార్లు, అంబులెన్సులు, అన్నింట్లోనూ మనుషులు పడుకుని ఉన్నారు. లోపల ఒక మంచం ఖాళీ అయితే బయట ఒక బండి ముందుకు కదలాలి. ఆ మంచం ఎలా ఖాళీ అవుతోందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు. ఎండ మండిపోతోంది. వరుసలో నిలబడి, తలుపు తీసి, సీటు తిప్పుకుని ఆమె ముందు కూర్చున్నాను.

ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ప్లాస్టిక్కుది, లోపల పెదవులు కనిపిస్తాయి. అదొక్కటే నాకు మిగిలిన అదృష్టం. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా దానికి ఆవిరి పట్టి పెదవులు మసకబారేవి, పీల్చినప్పుడు కొంచెం తేటపడేవి. మాటలో సగం మంచులోనూ సగం వెలుగులోనూ అందేది.

వరుస కదిలినప్పుడు వెనక వాళ్లు హారన్ కొడతారు. అది నాకు వినపడదు. వెనక ఆటో అతనికి సైగలతో ముందే చెప్పి పెట్టుకున్నాను. అతను దిగి వచ్చి నా భుజం తట్టేవాడు. నేను బ్రేకు, సీటు, పిన్ను, తలుపు, అన్నీ సర్దుకుని, ఒక బండి పొడవు ముందుకు జరిపి, మళ్లీ అన్నీ విప్పుకుని ఆమె వైపు తిరిగేవాణ్ని. ఆమె మాట ఎక్కడ ఆగిందో అక్కడే నోరు తెరిచి, వేలెత్తి, నాకోసం కాచుకుని ఉండేది. నా వీపుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. జరపకుండా ఉందామంటే పక్క నుంచి ఇంకొకడు దూరిపోతాడు, ఆమె వంతు పోతుంది. ఆమెను బతికించుకోవడానికి ఆమెకు వీపు తిప్పాలి. ఇంతకంటే దిక్కుమాలిన పని నేను జన్మలో చేయలేదు.

ఆమె వేలెత్తింది.

"అక్క ఇంటికాడ బండి యాడ పెడ్తవు?"

"వాకిట్ల."

"సీటు ఎటు దిక్కు తిప్పుతవు?"

"నీ దిక్కే."

తలూపింది. కళ్లు మూసుకుని కాసేపు ఊపిరి కూడబెట్టుకుంది. మళ్లీ వేలెత్తింది. ఇది పెద్ద మాటని నాకు అర్థమైంది, ముందుకు వంగాను.

"ఆడికి పోయినంక నువ్వు జర..."

నా భుజం మీద చెయ్యి పడింది. ఆటో అతను ముందుకు చూపిస్తున్నాడు. ముందు జాగా ఖాళీ అయింది, పక్కన ఒక కారు అప్పుడే ముక్కు దూరుస్తోంది. ఆమెకు చూపించాను. వేలు దించకుండానే, పో, జరిపి రా అన్నట్టు చూసింది. పిన్ను తీశాను, సీటు తిప్పాను, పిన్ను వేశాను, ఆ కారును తిట్టుకుంటూ బండి ముందుకు జరిపాను. ఆపాను. తలుపు తీసి, సీటు తిప్పాను.

వేలు పరుపు మీదికి వాలింది. మిగతా వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, అదొక్కటే చాపి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మాస్కుకు ఆవిరి లేదు. ఆ రోజు మొత్తం మీద ఆమె పెదవులు అంత తేటగా నాకు ఎప్పుడూ కనిపించలేదు. నేను వాటిని చదవడానికే చూశాను. ఏ అక్షరం దగ్గర ఆగాయో, తర్వాతి అక్షరం ఏమై ఉంటుందో, చాలాసేపు చూశాను. జర ఏంది? జర ఏం చెయ్యాలి?

భుజం మీద మళ్లీ చెయ్యి పడింది. ఆటో అతను లోపలికి చూడలేదు, ముందుకే చూపిస్తున్నాడు. జాగా ఖాళీ అయింది. నేను పిన్ను తీశాను, సీటు తిప్పాను, పిన్ను వేశాను, బండిని ఒక బండి పొడవు ముందుకు జరిపాను.