సారెలో కొబ్బరి మొక్కలు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాక, పక్కనున్న పెద్దాయన నేనేం పని చేస్తానని అడిగారు. భూమి వేడెక్కితే మంచుదేశాల అడవులు ఏమవుతాయో కంప్యూటర్లో లెక్కగట్టి చూస్తానన్నాను.

"ఏమవుతాయండీ?"

"విత్తనాలు చల్లటి చోటికి చేరి మొలుస్తాయండి. పెద్ద చెట్లు కదల్లేవు, ఉన్నచోటే ఎండిపోతాయి."

"ఆయ్," అన్నారాయన.

ఆయన కాళ్ల దగ్గర గంపలో కొబ్బరి మొక్కలున్నాయి. నరసాపురంలో ఉన్న కూతురికి సారె అట. ఇక్కడ సారెతో కొబ్బరికాయలు పంపుతారని విన్నానుగాని, మొక్కలు పంపడం ఎప్పుడూ చూడలేదు.

"అంతర్వేదిలో మా తోటలోకి ఉప్పునీరు వచ్చేసిందండి. చెట్లన్నీ మోడులైపోతున్నాయి. ఇవి అక్కడైనా బతుకుతాయని."

"మీరూ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోవచ్చు కదండీ?"

ఆయన మొక్కల మీద తడి గోనె సర్దారు.

"పెద్ద చెట్ల సంగతి ఇందాకా మీరే చెప్పేరు కదండీ."