మూడో గేటు తువ్వాలు

2022 మే నెల. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి దుబాయ్‌లో జెబెల్ అలీ లేబర్ క్యాంపు ముందు బస్సు దిగాను. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది, అదీ వేడే. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసినవాడు కొత్త చోట దిగగానే చూసేవి రెండే. నీళ్ళు ఎంత దూరం, నీడ ఎంత దూరం. నీళ్ళు నలభై అడుగుల్లో ఉన్నాయి. నీడ కనిపించలేదు.

మాది తాడేపల్లిగూడెం. హవల్దారుగా రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, అక్కడి ఓడరేవు పక్క ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ యార్డుకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఏడాది కాంట్రాక్టు మీద వెళ్ళాను. మా వీధిలో అందరూ దుబాయ్ ఉద్యోగం అన్నారు. నేను మాత్రం పోస్టింగ్ అనేవాణ్ణి. నా కింద పద్దెనిమిది మంది గార్డులు, నాలుగు గేట్లు. పగటి షిఫ్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. మనిషికి రెండు జతల యూనిఫాం, ఒక జత బూట్లు, బెల్టు, పొట్టి అంచు టోపీ, లీటరున్నర నీళ్ళ సీసా. గేటుకొక వాకీటాకీ. అందులో పేర్లు ఉండవు. ఎవరు ఏ గేటు దగ్గరుంటే అదే వాళ్ళ పేరు.

మూడో గేటు అన్నిటికన్నా కష్టం. ఏసీ క్యాబిన్ ఉన్నా, లారీ వచ్చిన ప్రతిసారీ బయటికి రావాలి, కాగితాలు చూడాలి, సీలు చూడాలి. లారీలు ఆగకుండా వస్తాయి. అక్కడి గార్డు జగిత్యాల వైపు మనిషి. నలభై రెండేళ్ళుంటాయి. గల్ఫ్‌లో పదకొండో ఏడు. టోపీ కింద నుంచి మెడ మీదుగా భుజాల దాకా ఒక తడి తువ్వాలు కట్టేవాడు, కొసలు కాలరులోకి దోపేవాడు. చొక్కా చేతులు మణికట్టు దాకా. బయటికి వచ్చే ముందు చెవుల వెనక ఏదో క్రీము రాసుకునేవాడు. రెండో రోజే అడిగాను.

"మెడకి ఆ గుడ్డేంటయ్యా? యూనిఫాంలో లేదుగా."

"నాకు ఎండ పడది సార్. పదకొండేండ్ల సంది గిట్లనే కట్టుకుంటున్న. ముదీర్ సుత ఏమనలే."

ముదీర్ అంటే మా మేనేజరు. ఆయనే ఏమీ అననప్పుడు నేననడం బాగుండదని ఊరుకున్నాను. కానీ పరేడ్‌కి నిలబెట్టినప్పుడల్లా ఆ తువ్వాలు నా కంట్లో నలుసులా ఉండేది. నేను రాజస్థాన్ ఇసుకలో మూడేళ్ళు చేసినవాణ్ణి. ఎండ అంటే గుండె ధైర్యానికి సంబంధించిన విషయం అనుకునేవాణ్ణి. మెస్సులో ఆ కథ రోజూ చెప్పేవాణ్ణి. మా వంట మాస్టరు కోనసీమ మనిషి. గరిటె పట్టుకుని అడిగేవాడు.

"ఆయ్, రాజస్థాన్ అయిపోయిందాండి? పప్పు వడ్డించమంటారా?"

ఆ వేసవిలో ఇద్దరు గార్డులు డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోయారు. ఇద్దరినీ క్యాబిన్‌లోకి లాగి తడిగుడ్డ వేసి లేపింది మూడో గేటాయనే. కొత్తగా వచ్చినవాళ్ళకి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. అరగంటకోసారి నీళ్ళు తాగాలి, మెడ కప్పుకోవాలి, మబ్బుగా ఉందని మోసపోవద్దు. నా మాట కన్నా ఆయన మాటే ఎక్కువ వినేవాళ్ళు. అది నాకు నచ్చలేదు. ఈ మాట ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను.

తరవాతి ఫిబ్రవరిలో నేనే ఒక విహారయాత్ర పెట్టాను. పట్టాలంలో బడాఖానా అని అందరూ కలిసి భోంచేసే ఆచారం ఉంటుంది. అలాంటిది మా వాళ్ళకీ చేయాలని ముచ్చట. యార్డు మూసే ఆదివారం చూసుకుని, హత్తా కొండలకి వెళ్దామన్నాను. ముదీర్ సంతోషించి కంపెనీ బస్సు ఇచ్చాడు, అందరికీ ఒకే రంగు టీ షర్టులు కుట్టించాడు. పొట్టి చేతులు, గుండ్రటి మెడ. కొండ మీద ఫొటో తీసి పంపమన్నాడు.

మూడో గేటాయన ముందు రోజే వచ్చాడు.

"నేను రాను సార్. యార్డు కాడ ఒక్కడన్న ఉండాలె గద, నేనుంట."

"అక్కడ రాత్రి షిఫ్టు వాళ్ళు ఉంటారులే. ఎవరూ మిగలడానికి వీల్లేదు. అందరూ రావలసిందే."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఒక మనిషి పిక్నిక్ వద్దంటున్నాడంటే ఎందుకో అడగాలి. అడగలేదు.

ఆదివారం ఉదయం ఆరుకి క్యాంపు ముందు ఫాలిన్ చేయించాను, అందరినీ వరసలో నిలబెట్టాను. నవ్వకండి, పట్టాలంలో విహారయాత్రకి వెళ్ళినా కిట్ తనిఖీ ఉంటుంది. ప్రతివాడూ సంచిలోవన్నీ ఎదురుగా నేల మీద పరవాలి. బస్సు దిగాక గంటన్నర ఎక్కుడు. బిర్యానీ గిన్నెలు, నీళ్ళ డబ్బాలు మోయాలి. అందుకని అనవసరపు బరువు తీయిస్తూ వచ్చాను. ఒకడి దగ్గర స్పీకరు, ఇంకొకడి దగ్గర క్యారమ్ బోర్డు. వరసలో ఆఖరి మనిషి మూడో గేటాయన. ఆయన ముందు గొడుగు, పొడుగు చేతుల చొక్కా, రెండు తువ్వాళ్ళు, క్రీము గొట్టం ఉన్నాయి. మెడకి మరో తువ్వాలు చుట్టే ఉంది.

"ఏంటయ్యా ఇది? కొండెక్కడానికా, పెళ్ళిచూపులకా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా కాస్త నవ్వాడు.

"ఉండనియ్యుండ్రి సార్. బరువు నేనే మోస్కుంట."

"ఇరవై రెండు డిగ్రీలు. చల్లగాలి. ఈ చలికాలంలో గొడుగెందుకు? ఇవన్నీ గదిలో పెట్టెయ్. మెడ మీదది కూడా తీసెయ్. ఫొటోలో అందరూ ఒకేలా ఉండాలి."

"సార్..."

"ఇది ఆర్డర్."

ఆ మాట అనవలసింది కాదు. అక్కడ ఎవరూ సైన్యంలో లేరు. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. సామాను సంచిలో సర్దుకుని గదికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మెడ మీద తువ్వాలు లేదు. బస్సు దాకా పక్కవాటుగా నడిచి, గోడకి వీపు ఆనించి నిలబడి, అందరూ ఎక్కాక ఆఖరున ఎక్కాడు. ఆఖరి సీట్లో కూర్చున్నాడు.

ఎనిమిదీ నలభైకి హత్తా చేరాం. తొమ్మిదికి నడక మొదలు. ఆ కొండలకి చెట్టూ చేమా ఉండవు. గోధుమరంగు రాయి, గులకరాళ్ళ దారి, కింద డ్యాము నీళ్ళు పచ్చగా మెరుస్తుంటాయి. చెమట పట్టలేదు. ఎండ ఉన్నట్టే అనిపించలేదు. మూడో గేటాయన దారి పొడుగునా అందరికన్నా వెనక నడిచాడు. మేం ఆగితే ఆయనా ఆగాడు. వెనక కాపలా, రియర్ గార్డు డ్యూటీ చెప్పకుండానే చేస్తున్నాడని మెచ్చుకున్నాను. పైకి వినబడేలానే మెచ్చుకున్నాను.

పదిన్నరకి పైకి చేరాం. ఫొటోలో ఆయన వెనక వరసలో నిలబడ్డాడు. పదకొండున్నరకి తాడు లాగే పోటీ. ఆయన తాడు చివర నడుముకి చుట్టుకుని తల వంచి లాగాడు. ఆ జట్టే గెలిచింది. మూడుసార్లు లాగించాను. ఒంటిగంటకి భోజనాలు, రెండింటికి దిగుడు, మూడున్నరకి బస్సు. ఆరున్నర గంటలు. ఎవరూ ఆయన మెడ వెనక చూడలేదు. ఎవరూ చూడకుండా ఉండడానికే ఆయన రోజంతా కష్టపడ్డాడని నాకు ఎలా తెలుస్తుంది? అని అప్పట్లో అనుకునేవాణ్ణి. తెలుసుకోవడం నా పని. అందుకే నన్ను సూపర్‌వైజరుగా పెట్టుకున్నారు.

సోమవారం ఉదయం ఏడుంపావు. వాకీటాకీలో కంట్రోల్ రూమ్ గొంతు.

"గేట్ త్రీ, కంట్రోల్. లారీ ఆగి ఉంది. జవాబ్ దో."

చప్పుడు లేదు. రెండోసారి పిలిచాక వచ్చింది.

"కంట్రోల్, గేట్ త్రీ. ఇంకొకల్లను పంపుండ్రి. మెడ తిరుగుతలేదు."

జీపులో వెళ్ళాను. క్యాబిన్‌లో కుర్చీ అంచున వంగి కూర్చున్నాడు. తువ్వాలు మెడకి అంటుకుపోయింది. నీళ్ళు పోసి మెల్లగా తీశాను. చెవుల వెనక నుంచి మెడ కింద దాకా బొల్లి మచ్చలు. తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్రగా ఉబ్బి, బొబ్బలు చిట్లి, రసి కారుతోంది. మచ్చ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే కాలడం కూడా ఆగింది.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను. సిగ్గులేని మాట.

"అందరి ముందట ఎట్ల చెప్పాలె సార్? మొదటి క్యాంపుల తెలిసినంక నా గ్లాసు ఎవ్వలూ ముట్టకపోతుండె. ఇక్కడ ఎవ్వలకు తెల్వది."

క్లినిక్‌లో కేరళ నర్సు హిందీలో మాట్లాడింది. కట్టు కడుతూ నాకు వివరంగా చెప్పింది. ఇది అంటురోగం కాదు. కానీ ఆ మచ్చల మీద చర్మానికి ఎండని ఆపే రంగు లేదు. వేసవైనా చలికాలమైనా కప్పుకోవాల్సిందే, క్రీము రాసుకోవాల్సిందే. చల్లగా ఉన్న రోజే మనుషులు మరిచిపోయి కాల్చుకుంటారు, మామూలు చర్మమైనా అంతే. తరవాత ఆయన్ని అడిగింది.

"ఈ సంగతి నీకు తెలియదా?"

"తెల్సు మేడం."

"మరి ఎందుకు కప్పుకోలేదు?"

ఆయన కట్టు మీదికి కాలరు సర్దుకున్నాడు. నావైపు చూడలేదు. నేను గోడ మీద చార్టు చదువుతున్నట్టు నిలబడ్డాను.

మధ్యాహ్నానికి ముదీర్ రిపోర్టు అడిగాడు. మనిషి డ్యూటీ మధ్యలో ఆపేస్తే కారణం రాయాలి. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం అదే బల్ల మీద ఉంది. విహారయాత్ర నా ఆలోచన, తనిఖీ నాది, ఆర్డరు నాది. ఒక్క వాక్యం రాశాను. 'సెలవు రోజున సొంత అజాగ్రత్త వల్ల ఎండకి చర్మం కాలింది.' సైన్యంలో నేను రాసిన ఏ రిపోర్టులోనూ అబద్ధం లేదు. ఇందులోనూ ప్రతి మాటకీ సమాధానం చెప్పుకోవచ్చు, ఒక్క 'సొంత' అన్నదానికి తప్ప.

కట్టు చూసి గదిలోవాళ్ళు బొల్లి సంగతి తెలుసుకున్నారు. సాయంత్రానికి ఐదుగురూ నా దగ్గరికి వచ్చారు.

"ఆయన మంచం మార్చండి సార్. మాకూ పిల్లలున్నారు."

నర్సు చెప్పింది చెప్పవలసింది. వాళ్ళని వరసలో నిలబెట్టి, ఇది అంటదు, ఆ కాలిన గాయం నా వల్ల అయింది, అని చెప్పవలసింది. పద్దెనిమిది మంది నా గొంతుకి భయపడేవాళ్ళు. ఆ గొంతు అప్పుడు లేవలేదు.

"ముదీర్‌కి చెప్తాను" అన్నాను.

పదో రోజున ఆయన్ని అల్ కుసైస్‌లో వేరే సైటుకి బదిలీ చేశారు. నెల తరవాత ఒక శనివారం వెతుక్కుంటూ వెళ్ళాను. క్యాంపు గేటు బయట, మెట్రో స్టేషన్‌కి వెళ్ళే దారిలో కలిశాడు. తువ్వాలు మెడ మీద ఉంది. నా చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకెళ్ళి నిలబెట్టి, చాయ్ తెప్పించాడు.

"తప్పంతా నాదయ్యా. నన్ను క్షమించు" అన్నాను.

"కొండ మీది ముచ్చటైతే మీకు తెల్వక జరిగింది సార్. దానికి నాకేం కోపం లేదు." చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. "రిపోర్టు నాకు చదివి సంతకం పెట్టుమన్నరు. సొంత అజాగ్రత్త అని ఉండె. మీరు రాసిండ్రని పెట్టిన."

చాయ్ తాగి తిరిగి వచ్చాను. ఆ రిపోర్టు దిద్దించడానికి నాకు ఇంకా ఏడాది సమయం ఉంది. దిద్దించలేదు. ఆ వేసవి మొదలయ్యే ముందే ఆయన ఉద్యోగానికి ఖలాస్ చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడని డ్రైవరు చెప్పాడు. ఫోన్ చేస్తే ఆ నంబరు పని చేయలేదు.

2024లో నేనూ తిరిగి వచ్చాను. పోయిన కార్తీకంలో మా కాలనీవాళ్ళు వనభోజనాల బాధ్యత నాకు అప్పజెప్పారు. బస్సెక్కే ముందు అందరి సంచులూ చూశాను. టోపీ లేనివాళ్ళని, మెడ కప్పుకోవడానికి గుడ్డ లేనివాళ్ళని తెచ్చుకోమని వెనక్కి ఇంటికి పంపాను. క్రీము నేనే కొని పిల్లలందరికీ రాయించాను. చలికాలంలో ఇదేం చాదస్తమని, దుబాయ్ వెళ్ళి సుకుమారం నేర్చుకొచ్చాడని నవ్వుకున్నారు. నవ్వనిచ్చాను. ఎవరైనా ఏదైనా వద్దంటే మాత్రం పక్కకి పిలిచి, మెల్లగా, ఎందుకని అడుగుతున్నాను.

ఒక్కటి చెప్పకుండా దాటేశాను. క్లినిక్‌కీ బదిలీకీ మధ్య ఆ తొమ్మిది రోజులు. పన్నెండుంపావుకి మెస్సులో భోజనం. మూడో గేటాయన పళ్ళెం పట్టుకుని తనంతట తానే బయటికి వెళ్ళేవాడు. మెస్సు పడమటి గోడ వెంట ఆ వేళకి బూటు వెడల్పు నీడ ఉంటుంది, అదీ తరిగిపోతూ ఉంటుంది. గోడకి మడమలు ఆనించి, కట్టు కట్టిన మెడ గోడ వైపు ఉంచి, నీడ అయిపోయేలోగా నిలబడి గబగబా తినేవాడు.

"లోపలికి రమ్మన్నానండి. రానన్నాడు. మీరు పిలిస్తే వస్తాడేమోనండి" అన్నాడు వంట మాస్టరు.

కిటికీలోంచి ఆయన కనబడుతూనే ఉన్నాడు. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నేను ఫ్యాను కింద కూర్చుని పెరుగన్నం కలుపుకున్నాను.