దుప్పట్లక్క రాసిన హత్యలు

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్న ఆమెను అందరూ దుప్పట్లక్క అనే పిలుస్తారు. భోజన విరామంలో ఇస్త్రీ బల్ల మీద నోటుపుస్తకం పరిచి ఆమె హత్యలు రాస్తుంది. పాత బంగళా, తాళం వేసిన మేడగది, కిర్రుమనే మెట్లు. రక్తపాతం తక్కువ, గుట్టు ఎక్కువ. "భయం వేయాలి, కానీ పడుకుంటే నిద్ర పట్టాలి" అంటుంది.

ఆ బంగళాలో హంతకుణ్ణి పట్టుకునేది బట్టలుతికే పనిమనిషి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ముందు తెలిసేది ఆ ఇల్లు తుడిచేవాళ్లకే. వస్తువు పోతే మొదట అనుమానించేదీ వాళ్లనే. సాక్ష్యం మాత్రం ఎవరూ అడగరు. అక్క ఆ అడగని సాక్ష్యాన్నే నాలుగు నవలలుగా రాసింది.

మొదటిది వేస్తానన్న ప్రచురణకర్త ఒక మెలిక పెట్టాడు.

"కథ అదిరిందమ్మా. కానీ పనిమనిషి పట్టుకోవడమేంటి? కథలో చదువుకున్న వకీలుగారున్నారు కదా, ఆయనతో పట్టించండి. జనం నమ్ముతారు."

"వకీలుగారు ఎప్పుడైనా దుప్పటి ఉతికారా సార్?"

"ఆయనెందుకు ఉతుకుతారు?"

"మరి ఆయనకెలా తెలుస్తుంది? నెత్తుటి మరక మీద వేడినీళ్లు పోస్తే గుడ్డకి పట్టేస్తుంది. చన్నీళ్లలో నానబెట్టాలి. ఉతికే చెయ్యి ఆ తప్పు చేయదు. చేసింది, జన్మలో జేబురుమాలు కూడా ఉతుక్కోని బంగళా పెద్దయ్యగారే!"

ఆలోచించుకుంటానన్నాడాయన. ఇంట్లో ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "వదినా, ఎవరు పట్టుకుంటే నీకేం? నీ పేరు అచ్చులో పడుతుంది కదా! నోటి దగ్గరికొచ్చింది నేలపాలు చేసుకుంటావా?"

"వకీలుకిచ్చేస్తే అది నా కథెలా అవుతుందే?"

వారానికి ప్రచురణకర్తే దిగొచ్చాడు. పుస్తకం అచ్చయ్యాక ఒక ఆదివారం పొద్దున గ్రంథాలయం హాల్లో ఆవిష్కరణ. చివరి వరుసలో లాండ్రీ ఆడవాళ్లు. పుస్తకాల కట్ట విప్పగానే అట్ట మీద పట్టుచీర, నగలు, చేతిలో భూతద్దంతో కథలోని బంగళా చిన్నకోడలు.

"ఈ మహారాణి ఎవరక్కా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"లోపల మీ మాట ఉంచాను కదమ్మా, అట్ట నాకొదిలేయండి. పనిమనిషి బొమ్మ చూసి ఎవరు కొంటారు?" ప్రచురణకర్త అక్క చెవిలో గొణిగి, అట్ట పైకెత్తి చూపిస్తూ మైకు అందుకున్నాడు. "ఇదిగో, హంతకుడి గుట్టు రట్టు చేసే మన కథానాయిక!"

అక్క లేచి మైకు లాక్కుంది. "తప్పుగా అనుకోకండి. ఈవిడ మూడో అధ్యాయంలోనే చచ్చిపోతుంది."

హాలు గొల్లుమంది. ఆయన తల పట్టుకున్నాడు. "గుట్టంతా విప్పేశారేంటమ్మా!"

"మరి పట్టుకునేదెవరు?" ముందు వరుసలో ఎవరో అడిగారు.

"మా మనిషే!" లాండ్రీ వరుస మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"రెండో పుస్తకం అట్ట మీద ఆమెనే వేయండి సార్, చేతిలో బకెట్టుతో సహా" అంది అక్క, మైకు వదలకుండా. "లేదంటే అందులో హంతకుడెవరో కూడా ఇక్కడే చెప్పేస్తా."

ఆయన రెండు చేతులూ జోడించి, అందరి ముందూ ఒప్పుకున్నాడు.