బిర్యానీ పేరు చెప్పి గెలిపించాను

ఒక నవ్వులాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువై కూర్చుంది. మీరు నన్నెరగరు కాబట్టి మీకే చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. అప్పుడు నేనూ నవ్వాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి. ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో, ఫ్లాటు టాంపినీస్‌లో. సింగపూర్‌లోని మా చిన్న తెలుగు సంఘానికి ఆ ఏడాది అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు మోహన్ నిలబడ్డాడు. ప్రచారం నాకు అప్పగించాడు. మంచివాడే. గెలిచి ఏం చేస్తావని అడిగితే మాత్రం ‘చూద్దాం’ అనేవాడు.

పోటీకి రాజమ్మ ఆంటీ. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ, ఒక క్లినిక్‌లో గుమాస్తా. ఆవిడ కోరింది ఒక్కటే. తువాస్ ఓడల యార్డుల్లో మనవాళ్లకు దెబ్బ తగిలితే, డాక్టరు మాట తెలుగులో చెప్పడానికి సంఘం నుంచి వంతులవారీగా ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి మేం ఎదురు ఏం చెప్పగలం? ఏమీ లేదు. అందుకే మారుపేరుతో మెయిల్ గ్రూపులో ఒక వాక్యం పెట్టాను: ‘ఆంటీ గెలిస్తే ఉగాది విందులో బిర్యానీ తీసేస్తారట.’

చివర ‘ట’ పెట్టడంలోనే ఉంది నా తెలివంతా. మధ్యాహ్నానికల్లా అందరి నోటా అదే మాట.

సభలో ఆంటీ ఒక కాగితం తీసి, యార్డులో దెబ్బతిన్న ఒకతని సంగతి చెప్పబోయారు.

“ముందు బిర్యానీ సంగతి తేల్చండి ఆంటీ” అన్నారెవరో. హాలంతా నవ్వు. ఆవిడా నవ్వి, అలాంటిదేం లేదని చెప్పారు, మళ్లీ చెప్పారు, అలా చెబుతుండగానే ఆవిడకిచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు.

మోహన్ గెలిచాడు. విందు బ్రహ్మాండంగా జరిగింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

కొన్ని నెలలకు ఒక శనివారం ఆంటీ ఫోన్ చేశారు. యార్డులో ఒకతనికి దెబ్బ తగిలిన సంగతి తనకు అప్పుడే తెలిసిందట, డ్యూటీ ఉందని నన్ను ఆసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ అప్పలనాయుడు, శ్రీకాకుళం మనిషి. కుడిచెయ్యి నలిగి మూడు వారాలైంది. వేళ్లు రోజూ ఆడించమని డాక్టరు మొదటే చెప్పాడు. ఇతను అన్నిటికీ ‘ఎస్’ అని తలూపి, చెయ్యి కదపకుండా గుడ్డలో దాచుకున్నాడు.

“కదిపితే ఇరిగిపోద్దనుకున్నానమ్మా” అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ వేళ్లు ఇక పూర్తిగా ముడుచుకోవన్నాడు డాక్టరు. ఆ మాట తెలుగులో చెప్పాల్సింది నేను. చెప్పాను.

అతని చెయ్యి నలిపింది నేను కాదు. కానీ మొదటి రోజే పక్కన ఒక తెలుగు మనిషి ఉండాల్సింది కదా, లేకుండా చేసిందెవరు?

డ్యూటీ దిగి వచ్చిన ఆంటీ క్యాంటీన్లో టీ తాగుతూ అడిగారు. “ఆ బిర్యానీ కథ ఎవడు రాశాడో తెలుసా అమ్మా?”

“తెలీదు ఆంటీ.”

“ఎవడో గానీ బాగా రాశాడు లా” అని, మాట చివర తన మలేషియా ‘లా’ తగిలించి హాయిగా నవ్వారు.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆవిడతో ఆసుపత్రులకు తిరిగాను. సరదాగా గడిచాయి. సాయం చేద్దామనా, ఆవిడ పక్కన దాక్కుందామనా? రెండూ కావచ్చు. అప్పలనాయుడు చెంచాతో అన్నం తినడం నేర్చుకుని, దొరనైపోయానంటూ మమ్మల్ని నవ్వించేవాడు.

ఆంటీకి చెబితే నవ్వేసి క్షమించేస్తారు. అంత సులువుగా తేలిపోవడం నాకిష్టం లేదు. అప్పలనాయుడికి ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ముందుగా మీకు చెబుతున్నాను. ఆ అబద్ధం రాసింది నేనే. ఇంత చిన్న వాక్యానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త నిండుగా అందుతోంది.