బయటి గడియ

రోజూ ఒకే పని ఒకే వేళకు చేస్తే మనసు కుదుటపడుతుందని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నిజమే, పడుతుంది. ఎవరి మనసు అన్నది మాత్రం చెప్పరు.

ఆ మేడ మీది వాటాలో ఉండే పెద్దాయన సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే లేచి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూస్తాడు, కుళాయిలు బిగిస్తాడు, కిటికీ గడియలు తడుముతాడు. చెప్పులేసుకుని బయటికొచ్చి, తలుపుకు తాళం వేసి, లాగి చూసి, అప్పుడు పాలకూ నడకకూ బయలుదేరతాడు. ఆఖరి రోజుల్లో ఆయన భార్యకు మతి తప్పింది. తలుపు తెరిచి ఉంటే చాలు, వీధిలోకి వెళ్ళిపోయేది. అప్పుడు మొదలైన తాళం అది. ఆమె పోయింది, తాళం ఉండిపోయింది.

లోపల కోడలుంది.

కొడుకుది ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు. రెండో తాళంచెవి అతని జేబులో ఉంటుంది. కోడలు మొదట్లో నవ్వుకుంది, తర్వాత మొగుడితో పోట్లాడింది.

"అమ్మ పోయాక నాన్న ఆ అలవాటు పట్టుకునే నిలబడ్డాడే. కాసేపు సర్దుకుంటే ఏం పోయింది?" అన్నాడతను. లోపల ఉండేది అతను కాదు కాబట్టి అనడం తేలికే. ఆడపడుచు ఫోన్లో ఇంకో మెట్టు ఎక్కింది. "అదృష్టవంతురాలివి వదినా. కాపలా పెట్టుకుని మరీ వంట చేసుకుంటున్నావు."

ఇన్నాళ్ళూ ఆ వేళప్పుడు బయట పనేమీ లేదు కాబట్టి గొడవ ముదరలేదు. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం దొరికింది. వేళకు రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని యజమాని ముందే అన్నాడు. ఆ మాట మామగారికి చెబితే, "మంచిదమ్మా, త్వరగా వచ్చేస్తాలే" అన్నాడు.

మొదటి రోజు ఆయన వేళకు రాలేదు. ఆమె తయారై, బ్యాగు భుజాన వేసుకుని కిటికీ ఊచల దగ్గర నిలబడింది. మొగుడి ఫోను పలకలేదు. కింద దర్జీ కొట్టు తెరుస్తున్నాడు.

"అన్నా, మా మామయ్యగారు కనిపించారా?"

"పార్కు దగ్గరున్నారమ్మా. కోడలికి ఉద్యోగమొచ్చిందని అందరికీ చెబుతున్నారు. ఆయన సంబరం చూడాలి."

"ఆ కోడలు ఇక్కడ ఊచలు లెక్కపెడుతోందని కూడా చెప్పి రండి."

దర్జీ నవ్వబోయి, ఆమె ముఖం చూసి టేపు మెడలో వేసుకుని పార్కు వైపు పరుగెత్తాడు.

ఆయన వగర్చుకుంటూ వచ్చి తాళం తీశాడు.

"అత్తయ్య లేరు మామయ్యా ఇప్పుడు."

"తెలుసమ్మా. వెయ్యకుండా నాలుగడుగులేస్తే కాళ్ళు వెనక్కే వస్తాయి."

తిట్టడానికి ఆమె దగ్గర చాలా మాటలున్నాయి. వేళ లేదు. దుకాణంలో యజమాని గడియారం చూపించి, "రేపు షట్టర్ ఎత్తేసరికి ఇక్కడ లేకపోతే ఇక రానక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు ఆయన తాళం గూట్లోనే వదిలి బయలుదేరాడు. మెట్ల మొదటి మలుపు దాకా దిగి, గోడ పట్టుకుని ఆగిపోయాడు. ముఖమంతా చెమట. కోడలు చూసింది. తాళం తీసుకుని, చెప్పులేసుకుని, తనే బయటికి వచ్చేసింది.

"రండి, వేసుకోండి."

ఖాళీ ఇంటికి తాళం పడింది. లాగి చూశాక ఆయన ఊపిరి నిదానించింది. కొత్త పద్ధతి ఆ క్షణమే స్థిరపడింది. రేపూ అంతే, ఎల్లుండీ అంతే.

దుకాణం తెరవడానికి ఇంకా చాలా సేపుంది. ఆమె షట్టర్ ముందు మెట్టు మీద కూర్చుంది.

"ఇంత పొద్దున్నే వచ్చావేంటమ్మా, ఇంట్లో పని లేదా?" అడిగింది వీధి ఊడ్చే ఆమె.

"ఉందక్కా. లోపలుంది," అంది కోడలు. చీపురు దగ్గరికి రాగానే కాళ్ళు పైకి తీసుకుంది.