బావ చూడాలనుకున్న పిట్ట

మా అక్క దర్జీ కొట్టులో ముప్పై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఒక్క కుట్టు పక్కకు పోయినా మొత్తం విప్పేసే రకం. పిట్టలంటే తనకి అస్సలు పడదు. ఆరేసిన బట్టల మీద రెట్టలేస్తాయని తిట్టిపోస్తుంది. ఆ పిచ్చి బావది. మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, పిట్టలు చూసే బృందంతో దేశాలు పట్టుకు తిరిగేవాడు.

కిందటేడు అలాగే పరాయి దేశం వెళ్లి, నీలిమెడ పిట్ట కోసం అడవిలో దారి తప్పాడు. లోయలో టోపీ దొరికింది, మనిషి దొరకలేదు. "పడగానే ప్రాణం పోయుంటుంది, బాధ తెలిసుండదు" అన్నారు అక్కడి అధికారులు ఫోన్లో. వెతకడం ఆపడానికి రెండో రోజే అక్క సంతకం పెట్టింది. "పెట్టెయ్యక్కా, టోపీ దొరికాక ఇంకేం ఆశ?" అన్నది నేనే. నా నోరు పడిపోను. బాధ తెలిసుండదన్న ఆ ఒక్క మాట పట్టుకునే అక్క ఏడాది బతికింది.

ఈసారి అదే బృందంతో అదే అడవికి తనూ బయల్దేరింది. చూసిన పిట్టలకల్లా బావ టిక్కులు పెట్టుకునే పుస్తకంలో ఆ ఒక్క పిట్ట ఎదురుగా టిక్కు పెట్టి వచ్చేస్తే చాలంది. తోడుగా నేను వెళ్లాను.

మూడో రోజు పొద్దున గైడు చెయ్యెత్తాడు. అందరం ఊపిరి బిగబట్టాం. పిట్ట కనిపిస్తే నోరు మెదపకూడదని బృందం నియమం. నీలం మెడ, నారింజ పొట్ట, పసుపు తోక. పుట్టి బుద్ధెరిగాక అంత అందమైన పిట్టని చూడలేదు. టిక్కు పెట్టమని అక్కని మోచేత్తో పొడిచాను.

అప్పుడది ఈల వేసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

తువ్వాలు మర్చిపోయి స్నానాలగదిలోంచి బావ రోజూ వేసే ఈల అది. విరిగిన ముందుపన్ను సందులోంచి చివర్లో గాలి జారేది. ఆ జారడం కూడా అలాగే ఉంది.

మన దేశం నుంచి బృందంతో వచ్చిన గైడు కొత్తవాడు, మా సంగతి తెలియదు. "ఏది వింటే అది పలుకుతుందమ్మా" అన్నాడు గుసగుసగా, మురిసిపోతూ.

"ఒక్కసారి వింటే వచ్చేస్తుందా?" అంది అక్క.

"అబ్బే, ఒక్కసారికెక్కడ! రోజుల తరబడి పొద్దస్తమానం వినాలి."

అక్క చేతిలో పెన్ను కిందపడింది. పిట్ట మళ్లీ ఈల వేసింది. నియమం గియమం వదిలేసి, ఇంట్లో పలికినట్టే పలికింది అక్క.

"వస్తున్నానండీ, వస్తున్నా!"

మనిషి గొంతుకి పిట్ట ఎగిరిపోవాలి. అది ఎగరలేదు. ఇంకో కొమ్మ కిందికి దిగి, మళ్లీ పిలిచింది.